యాక్సిడెంట్ అప్పు ఐపీ పెడితే పోతుందా? లైసెన్స్ తిరిగి వస్తుందా?

ఈ రోజు టాపిక్ కొంచెం బరువైనదే. కానీ మన ఏరియాలో పుట్టి పెరిగిన వాళ్లకి ఇందులో ఒక మాట మాత్రం అస్సలు కొత్త కాదు. ఆ మాట ఐపీ.

నేను సాఫ్ట్‌వేర్ జాబ్‌లో ఉన్నప్పుడు "ఐపీ మారింది" అంటే సర్వర్ దగ్గర ఏదో గొడవ అని అర్థం. దర్శి బస్టాండ్ దగ్గర టీ కొట్లో కూర్చుని "ఫలానా ఆయన ఐపీ పెట్టాడంట" అంటే ఆ అర్థం వేరే. చిట్టీలు కట్టించుకున్న ఆయన కావచ్చు, రైతుల దగ్గర మిర్చి అరువుకి కొన్న వ్యాపారి కావచ్చు. పొద్దున్నే చూస్తే ఇంటికి తాళం. కొన్నాళ్లకి పోస్ట్‌మ్యాన్ ఒక కోర్టు నోటీసు తెచ్చి చేతిలో పెడతాడు. ఐపీ అంటే ఇన్‌సాల్వెన్సీ పిటిషన్, దివాలా పిటిషన్. మన గుంటూరు, ప్రకాశం వైపు అది లీగల్ పదం కంటే ఎక్కువగా ఒక తిట్టు. సంబంధాలు చూసేటప్పుడు "వాళ్ల తాత ఐపీ పెట్టాడులే" అని మూడు తరాల తర్వాత కూడా గుర్తు చేసేవాళ్లున్నారు.

సరే, విషయానికి వస్తా. ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. పేరు, ఊరు చెప్పను. వాళ్లకి ట్రాక్టర్ ఉంది. మిరప కోతలకి కూలీలని ట్రాలీలో ఎక్కించుకుని వెళ్తుంటే తిరగబడింది. ఒకామె చనిపోయింది. ఇన్సూరెన్స్ చూస్తే గడువు అయిపోయి నాలుగు నెలలు. బండి నాన్న పేరు మీద, నడిపింది అన్న. అన్న లైసెన్స్ సస్పెండ్ అయింది. ట్రిబ్యునల్ లక్షల్లో అవార్డు ఇచ్చింది, కట్టాల్సింది వీళ్లే.

ఇప్పుడు వీళ్లకి రెండు సలహాలు వచ్చాయి. ఒకటి డాలస్‌లో ఉన్న బావ దగ్గర నుంచి. "ఇక్కడ బ్యాంక్‌రప్టసీ ఫైల్ చేస్తే యాక్సిడెంట్ అప్పు పోయిద్ది, ఆగిపోయిన లైసెన్స్ కూడా వచ్చిద్ది. మీరూ ఐపీ పెట్టేయండి" అని. రెండోది కోర్టు దగ్గర తిరిగే ఒక పెద్దమనిషి నుంచి. "ముందు పొలం మీ అమ్మ పేరు మీదకి మార్చండి, తర్వాత ఐపీ సంగతి నేను చూసుకుంటా" అని. తమ్ముడి ప్రశ్న ఒకటే: "అన్నా, ఐపీ పెడితే నిజంగా రెండూ క్లియర్ అయితాయా?"

ముందే చెప్తున్నా, నేను బీటెక్ వాణ్ణి, లాయర్‌ని కాదు. చట్టాలు, తీర్పులు చదివి నాకు అర్థమైంది చెప్తున్నా. మీ కేసులో కాగితాలు చూడాల్సింది లాయరే.

బావ సలహాతో మొదలుపెడదాం, ఎందుకంటే ఆయన చెప్పింది అబద్ధం కాదు. అమెరికా వరకు అది చాలా మటుకు నిజం. అక్కడ చాలా రాష్ట్రాల్లో ఒక రూల్ ఉంటుంది. మీరు యాక్సిడెంట్ చేశారు, ఇన్సూరెన్స్ లేదు లేదా సరిపోలేదు, అవతలి వాళ్లు కోర్టుకి వెళ్లి మీ మీద డబ్బు తీర్పు తెచ్చుకున్నారు. ఆ డబ్బు కట్టకపోతే మీ లైసెన్స్ ఆపేస్తారు. మీరు తప్పుగా నడిపారా, మళ్లీ నడిపితే ప్రమాదమా అన్నది అక్కడ ప్రశ్న కాదు. బాకీ ఉంది కాబట్టి లైసెన్స్ లేదు. అంటే లైసెన్స్‌ని వసూలుకి వాడుతున్నారన్నమాట. కారు లేకపోతే పాల ప్యాకెట్ కూడా తెచ్చుకోలేని ఊళ్లు అవి. లైసెన్స్ పోతే ఉద్యోగం పోతుంది, ఉద్యోగం పోతే బాకీ ఎలా తీరుతుంది?

ఈ గొడవ మీద అక్కడ ఒక ఫేమస్ కేసు ఉంది. 1965 జూలైలో అరిజోనా రాష్ట్రం టూసాన్‌లో యాక్సిడెంట్. పెరెజ్ అనే దంపతుల కారుకి ఇన్సూరెన్స్ లేదు. కోర్టు తీర్పు 2,425 డాలర్ల చిల్లర, దాని మీద ఖర్చులు. కట్టలేకపోయారు. 1967లో దివాలా పిటిషన్ వేశారు, 1968లో అప్పుల నుంచి విడుదల దొరికింది. అయినా అరిజోనా "దివాలా తీసినా సరే, ఈ బాకీ కట్టే వరకు లైసెన్స్ ఇవ్వం" అంది. ఇద్దరి లైసెన్సులూ ఆగిపోయాయి. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1971లో పెరెజ్ వర్సెస్ క్యాంప్‌బెల్ తీర్పు వచ్చింది. ఐదుగురు జడ్జీలు ఒకవైపు, నలుగురు ఇంకోవైపు. దివాలా చట్టం కేంద్రానిది, దాని ఉద్దేశం మనిషికి కొత్తగా మొదలుపెట్టే అవకాశం ఇవ్వడం, ఒక రాష్ట్రం లైసెన్స్ అడ్డం పెట్టి ఆ పోయిన అప్పునే మళ్లీ వసూలు చేయడం కుదరదు అని తేల్చారు. తర్వాత 1978లో వచ్చిన దివాలా చట్టంలో ఇదే మాట సెక్షన్ 525గా రాసేశారు: కొట్టేసిన అప్పు కట్టలేదని ప్రభుత్వం లైసెన్స్ ఆపకూడదు.

కానీ అమెరికాలో ఉన్న మన వాళ్లు ఇది విని రిలాక్స్ అవ్వొద్దు. తాగి నడిపి ఎవరికైనా గాయమైనా, ప్రాణం పోయినా, ఆ అప్పు అక్కడి దివాలాలో కూడా పోదు. కోర్టు వేసిన జరిమానాలు కూడా సాధారణంగా పోవు. లైసెన్స్ తిరిగి ఇచ్చేటప్పుడు కూడా, ఇకముందు ఇన్సూరెన్స్ ఉంటుందని రుజువు అడిగే హక్కు రాష్ట్రానికి ఉంది, ఎస్‌ఆర్-22 అని చాలా రాష్ట్రాల్లో అడిగేది అదే. పైగా దివాలా రికార్డ్ క్రెడిట్ రిపోర్ట్‌లో పదేళ్ల దాకా కనిపిస్తుంది. టెక్సాస్‌లో కనీస ఇన్సూరెన్స్ ఎంతో తెలుసా? ఒక మనిషి గాయాలకి 30,000 డాలర్లు, ఒక యాక్సిడెంట్‌కి మొత్తం 60,000, ఆస్తి నష్టానికి 25,000. అక్కడి హాస్పిటల్ బిల్లుల ముందు 30,000 ఏ మూలకి? సెకండ్ హ్యాండ్ కారు కొని, అన్నిటికంటే తక్కువ ప్రీమియం క్లిక్ చేసే ఎంఎస్ స్టూడెంట్స్ ఈ వీడియో చూస్తుంటే, పాలసీ పేపర్ ఒకసారి ఓపెన్ చేయండి.

ఇక మన దగ్గరికి వద్దాం. బావ సలహా ఇక్కడ ఎక్కడ తేడా కొడుతుందో చూడండి. మన దగ్గర లైసెన్స్ ఆగింది బాకీ కోసం కాదు. మోటార్ వాహనాల చట్టం 1988లో "పరిహారం కట్టలేదు కాబట్టి లైసెన్స్ సస్పెండ్" అనే లింకు లేదు. ఒక్క యాక్సిడెంట్ నుంచి మూడు వేర్వేరు వ్యవహారాలు పుడతాయి. పోలీసులు పెట్టేది క్రిమినల్ కేసు. నిర్లక్ష్యంతో ప్రాణం పోతే ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 106, ఐదేళ్ల దాకా శిక్ష పడొచ్చు. 2024 జూలై 1కి ముందు జరిగినదైతే పాత ఐపీసీ 304ఏ, రెండేళ్ల దాకా. రెండోది ట్రిబ్యునల్‌లో పరిహారం కేసు, అది డబ్బు వ్యవహారం. మూడోది ఆర్టీఏ ఆఫీసులో లైసెన్స్. మూడు వేరే వేరే సర్వర్లు అనుకోండి. ఒకదాంట్లో డిలీట్ కొడితే ఇంకోదాంట్లో డేటా పోదు. నాన్న ఐపీ పెట్టినా, అప్పు మొత్తం తీర్చేసినా, అన్న లైసెన్స్ సస్పెన్షన్ దానంతట అది లేచిపోదు.

మరి లైసెన్స్ ఎలా? ముందు ఆ సస్పెన్షన్ ఆర్డర్ కాగితం చేతిలోకి తెచ్చుకోవాలి. చాలామంది దగ్గర అది ఉండదు, "ఆపేశారంట" అనే మాట మాత్రమే ఉంటుంది. ఏ సెక్షన్ కింద, ఎంత కాలానికి అన్నది అందులో ఉంటుంది. సెక్షన్ 19 కింద ఆర్టీఏ లైసెన్స్ ఆపాలంటే ముందు మీ వాదన వినాలి, కారణాలు రాతపూర్వకంగా చెప్పాలి. ఆర్డర్ అందిన 30 రోజుల్లో పై అధికారికి అప్పీల్ చేసుకోవచ్చు. కోర్టే శిక్షతో పాటు లైసెన్స్ ఆపితే దారి వేరు, అక్కడ అప్పీల్ పై కోర్టులో. కాలం పూర్తయ్యాక తిరిగి ఇవ్వడానికి రిఫ్రెషర్ ట్రైనింగ్ చేయాలన్న మాట 2019 సవరణలో చేరింది. ఈ లోపల "మన పొలం దాకేగా" అని ట్రాక్టర్ ఎక్కితే మాత్రం సెక్షన్ 182 ఉంది, మూడు నెలల దాకా జైలు లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. పోయినదాని మీద ఇంకోటి పోగొట్టుకోవద్దు.

ఇప్పుడు అసలు బరువు, డబ్బు. 2023 జూలైలో మన దర్శి దగ్గర పెళ్లి బృందంతో పొదిలి నుంచి కాకినాడ వెళ్తున్న ఆర్టీసీ బస్సు సాగర్ కాలువలో పడి ఏడుగురు చనిపోయారు. మనలో చాలామంది ఆ రాత్రి మర్చిపోలేదు. అలాంటి చోట బండి యజమాని ఒక పెద్ద సంస్థ. పరిహారం తేలాక అది వచ్చే చోటు ఒకటి ఉంటుంది. కానీ ఇన్సూరెన్స్ లేని ట్రాక్టర్ యజమాని అంటే ఎవరు? మూడెకరాల సొంత పొలం, నాలుగెకరాల కౌలు, బ్యాంకులో బంగారం. చనిపోయిన ఆమె కుటుంబం ఎవరు? రోజు కూలీకి మిరపకాయలు కోసే వాళ్లు. ఇద్దరూ పక్క పక్క వీధుల్లోనే ఉంటారు. అందుకే ఈ కేసులు నాకు కాగితం మీద సెక్షన్లలాగా అనిపించవు.

ఇంకో పిడుగు లాంటి విషయం. ఇన్సూరెన్స్ ఉన్నా ట్రాలీలో కూలీలు కవర్ అవుతారని అనుకోవద్దు. ట్రాక్టర్‌కి ఉన్నది ఒకటే సీటు, డ్రైవర్‌ది. ట్రాలీ మనుషులు ఎక్కడానికి కాదు. 2007లో ఓరియంటల్ ఇన్సూరెన్స్ వర్సెస్ బ్రిజ్ మోహన్ అనే కేసులో ఇటుక బట్టీకి మట్టి పని కోసం ట్రాక్టర్ మీద వెళ్తున్న ఒక కూలీకి గాయాలయ్యాయి. చట్టప్రకారం కంపెనీకి బాధ్యత లేదని సుప్రీంకోర్టు చెప్పింది. కూలీ పరిస్థితి చూసి, తన ప్రత్యేక అధికారంతో ముందు కంపెనీ కట్టాలి, తర్వాత యజమాని దగ్గర వసూలు చేసుకోవాలి అంది. ఈ "ముందు కట్టు, తర్వాత రాబట్టుకో" పద్ధతి చాలా కేసుల్లో వస్తుంది, డ్రైవర్‌కి సరైన లైసెన్స్ లేనప్పుడు కూడా. బాధితుడికి అది మంచిదే. యజమానికి మాత్రం బాకీ పోలేదు, అప్పులాడు మారాడు అంతే. జనవరి నుంచి ఏప్రిల్ దాకా దర్శి, కురిచేడు, దొనకొండ రోడ్ల మీద పొద్దున ఆరింటికి నిలబడి చూడండి, ట్రాలీల్లో ఎంతమంది నిలబడి వెళ్తున్నారో.

అవార్డు వచ్చాక 30 రోజుల్లో డబ్బు డిపాజిట్ చేయాలి. చేయకపోతే సెక్షన్ 174 కింద ట్రిబ్యునల్ కలెక్టర్‌కి సర్టిఫికెట్ పంపొచ్చు, శిస్తు బకాయిలాగా వసూలు చేస్తారు. లేదా సివిల్ కోర్టు డిక్రీలాగా అమలు చేస్తారు, ఆస్తి జప్తు చేస్తారు. ఇక్కడ భయపెట్టేవాళ్లు చాలామంది ఉంటారు కాబట్టి రెండు విషయాలు చెప్తా. సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 60 ప్రకారం రైతు తను ఉంటున్న ఇల్లు, సేద్యం పనిముట్లు, కూలీ మనిషి కూలి డబ్బు జప్తు చేయకూడదు. జీతం అయితే మొదటి 1,000, మిగతాదాంట్లో మూడింట రెండు వంతులు ముట్టుకోకూడదు. రెండోది, నిజంగా డబ్బు లేని మనిషిని బాకీ కట్టలేదని జైల్లో పెట్టరు. 1980లో జాలీ జార్జ్ వర్గీస్ కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ ఇదే చెప్పారు. చేతిలో పెట్టుకుని ఎగ్గొట్టేవాడు వేరు, లేనివాడు వేరు.

ఇప్పుడు ఐపీ. ఈ పిటిషన్ వేసే చట్టం పేరు ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ యాక్ట్, 1920 నాటిది. మన తాతల నాన్నల కాలం. చదువుతుంటే నవ్వొస్తుంది కొన్ని చోట్ల. అప్పు 500 రూపాయలు ఉంటే చాలు, పిటిషన్ వేయొచ్చు. దివాలాదారుడు తన స్థితి చెప్పకుండా 50 రూపాయలు అప్పు తీసుకుంటే ఆరు నెలల దాకా జైలు. ఆస్తి మొత్తం అమ్మితే రూపాయికి 8 అణాలు కూడా రాకపోతే, అది తన చేతిలో లేని కారణాల వల్లే అని చూపించాలి, లేకపోతే పూర్తి విడుదల ఇవ్వరు. 8 అణాలు! నాణెం పోయింది, చట్టం ఉంది.

మన వాళ్లు అనుకునేది, పిటిషన్ వేస్తే అయిపోయింది అని. కాదు. పిటిషన్ వేయడం మొదటి మెట్టు. కోర్టు విచారించి దివాలాదారుడు అని ప్రకటించాలి. అప్పుడు మినహాయింపు ఉన్నవి పోను ఆస్తి అంతా కోర్టు చేతికి లేదా రిసీవర్ చేతికి వెళ్తుంది. అమ్మి అందరికీ పంచుతారు. తాకట్టు ఉన్న బ్యాంకు, ట్రాక్టర్ ఫైనాన్స్ వాళ్ల హక్కు అలాగే ఉంటుంది. ఆ తర్వాత మళ్లీ మీరే విడుదల కోసం దరఖాస్తు చేయాలి. చేయకపోతే అసలు ప్రకటనే రద్దు చేసేస్తారు. విడుదల దొరికితేనే అప్పు పోయినట్టు.

ఇది అవతలి పక్కన ఉన్నవాళ్లకి కూడా చెప్తున్నా. మిర్చి అమ్మి, డబ్బులు రాక, ఐపీ నోటీసు అందుకున్న రైతులు "ఇంకేముంది, పోయినట్టే" అని ఆ కాగితం దేవుడి పటం వెనక పెట్టేస్తారు. దాని మీద తేదీ ఉంటుంది. ఆ రోజు వెళ్లి అభ్యంతరం చెప్పొచ్చు, ఆయనకి ఎక్కడెక్కడ ఆస్తి ఉందో కోర్టుకి చూపించొచ్చు. ఎవరూ వెళ్లకపోవడమే ఐపీ పెట్టేవాళ్ల అసలు బలం.

సరే, యాక్సిడెంట్ బాకీ ఇందులో పోతుందా? ఇక్కడే ఎవరూ చెప్పని మెలిక ఉంది. సెక్షన్ 34 ప్రకారం, ఇంత అని తేలని నష్టపరిహారం, అదీ కాంట్రాక్టు నుంచి రానిది, దివాలా లెక్కలోకి రాదు. అంటే ట్రిబ్యునల్‌లో కేసు నడుస్తుండగానే, అవార్డు రాకముందే, "ముందే ఐపీ పెట్టేస్తే సేఫ్" అని పెడితే, ఆస్తి పోతుంది, పరువు పోతుంది, ఈ బాకీ మాత్రం బయటే ఉంటుంది. అవార్డు వచ్చి అంకె తేలాక అయితే లెక్కలోకి తీసుకోవచ్చు. విడుదల తర్వాత కూడా మిగిలే అప్పుల లిస్టు సెక్షన్ 44లో ఉంది: ప్రభుత్వ బాకీలు, మోసంతో చేసిన అప్పులు, భరణం లాంటివి. నిర్లక్ష్యం పరిహారం అందులో లేదు. కాబట్టి 1920 చట్టం ప్రకారం దారి పూర్తిగా మూసుకుపోలేదు. కానీ ఆ దారి చివరికి చేరేలోపు పొలం రిసీవర్ దగ్గర ఉంటుంది.

కోర్టు దగ్గర పెద్దమనిషి చెప్పిన "పొలం అమ్మ పేరు మీదకి" ట్రిక్ గురించి. దివాలా పిటిషన్ వేయడానికి ముందు రెండేళ్లలోపు నిజమైన ప్రతిఫలం లేకుండా మార్చిన ఆస్తిని రిసీవర్ వెనక్కి లాగొచ్చు, సెక్షన్ 53. మోసం చేసే ఉద్దేశంతో ఆస్తి దాస్తే సెక్షన్ 69, ఏడాది దాకా జైలు. యాక్సిడెంట్ నిర్లక్ష్యం, ఇది మాత్రం కావాలని చేసింది అవుతుంది. అవార్డు కట్టలేని మనిషి, అవార్డు ఎగ్గొట్టిన మనిషి అయిపోతాడు, మీ చేతులతో మీరే రాసిచ్చిన రిజిస్ట్రేషన్ కాగితమే సాక్ష్యం. ఆ పెద్దమనిషికి ఫీజు మాత్రం ముందే ఇవ్వాలంట, తమ్ముడు చెప్పాడు. నాకైతే ఆశ్చర్యం వేయలేదు.

ఇంకోటి, రాజకీయాల మీద ఆశ ఉన్న ఇళ్లకి. విడుదల పొందని దివాలాదారుడు స్థానిక సంస్థలకి ఎన్నిక కాలేడు. ఎమ్మెల్యే, ఎంపీ అవ్వడానికి కూడా రాజ్యాంగమే అడ్డం చెప్తుంది.

"కొత్త చట్టం వచ్చిందిగా అన్నా, ఐబీసీ?" అని కామెంట్స్‌లో అడుగుతారు, నాకు తెలుసు. 2016లో వచ్చింది. వ్యక్తుల దివాలా భాగం మాత్రం, కంపెనీ అప్పులకి హామీ సంతకం పెట్టినవాళ్లకి తప్ప మామూలు మనుషులకి అమల్లోకి తేలేదు. ఆ హామీదారుల ముక్క 2019 డిసెంబర్ 1 నుంచి నడుస్తోంది. అందుకే మనం ఇంకా 8 అణాల చట్టంలోనే ఉన్నాం. ఒకవేళ రేపు అది అందరికీ అమల్లోకి వచ్చినా, సెక్షన్ 79లో "మినహాయించిన అప్పు" అని ఒక లిస్టు ఉంది. నిర్లక్ష్యం వల్ల కట్టాల్సిన నష్టపరిహారం అందులో పేరు పెట్టి మరీ ఉంది. పక్కనే స్టూడెంట్ లోన్ కూడా ఉంది, బీటెక్ బ్యాచ్‌కి చిన్న షాక్. అంటే పాత చట్టంలో సన్నగా ఉన్న దారి కూడా కొత్త చట్టంలో మూసేశారు. అమెరికా 1971లో ఒకవైపు తిరిగితే, మనం ఇంకోవైపు తిరిగాం.

నా ఒపీనియన్ చెప్పమంటే, ఈ విషయంలో మన కొత్త చట్టమే నాకు నచ్చింది. అమెరికాలో తాగి నడిపితే తప్ప మిగతా నిర్లక్ష్యం అంతా మాఫీ అయిపోవచ్చు, అక్కడ బాధితుడికి సొంత ఇన్సూరెన్స్ అయినా ఉండే అవకాశం ఉంది. ఇక్కడ ట్రాలీలో వెళ్లిన ఆమెకి ఏముంది? వడ్డీ వ్యాపారి దగ్గర తెచ్చిన అప్పు, కంపెనీకి బాకీ, ఇవి వేరు. వాళ్లు రిస్క్ తెలిసే డబ్బు ఇచ్చారు. ఆమె ఎవరికీ అప్పు ఇవ్వలేదు. కూలికి వెళ్లింది, అంతే. ఆమె పిల్లలని "అప్పులవాళ్ల" లిస్టులో ఫైనాన్స్ కంపెనీ పక్కన నిలబెట్టడం నాకు ఎక్కదు. అదే సమయంలో ఇంకో మాట కూడా అనాలి. గులాబీ పురుగుకి పత్తి పోయి, నల్ల తామర పురుగుకి మిరప పోయి, కౌలు కట్టి మునిగిపోయిన మనిషి ఐపీ పెడితే దాన్ని తిట్టులాగా వాడకండి. అది చట్టం ఇచ్చిన దారి. పురుగుమందు డబ్బా కంటే కోర్టు మెట్లు వెయ్యి రెట్లు నయం.

మరి ఆ తమ్ముడి ఇంట్లో ఇప్పుడేం చేయొచ్చు? అవార్డు మీద అభ్యంతరం ఉంటే హైకోర్టుకి 90 రోజుల్లో అప్పీల్. దానికి 25,000 లేదా అవార్డులో సగం, ఏది తక్కువైతే అది డిపాజిట్ చేయాలి. అప్పీల్‌లో వివాదంలో ఉన్న మొత్తం లక్ష లోపు అయితే అప్పీల్ ఉండదు. అప్పీల్ వద్దనుకుంటే అవతలి కుటుంబంతో కూర్చోవాలి, కానీ ఊరి పెద్దల దగ్గర కాదు. ఊళ్లో తెల్లకాగితం మీద రాసుకుని డబ్బులిచ్చి, తర్వాత కోర్టులో మళ్లీ మొదటికొచ్చిన కథలు ఉన్నాయి. లోక్ అదాలత్‌లో రాజీ చేసుకుంటే అది కోర్టు డిక్రీతో సమానం, దాని మీద మామూలు అప్పీల్ ఉండదు. ఎన్ని వాయిదాల్లో, మిర్చి అమ్మిన ఏ నెలలో ఎంత అన్నది అందులో రాయించుకోవచ్చు. ఆ కుటుంబానికి కూడా పదేళ్ల తర్వాత వచ్చే పెద్ద అంకె కంటే ఈ సీజన్ నుంచి మొదలయ్యే డబ్బు ముఖ్యం కావచ్చు. కాకపోవచ్చు కూడా, అది వాళ్ల ఇష్టం, ఒత్తిడి పెట్టకండి. ఇవన్నీ మాట్లాడాక కూడా ఆస్తికి, బాకీకి పొంతన లేకపోతే, అప్పుడు లాయర్‌తో ఐపీ గురించి మాట్లాడండి, ఆస్తి ఏదీ కదపకుండా.

లాయర్‌కి డబ్బు లేకపోతే 15100కి ఫోన్ చేయండి. జాతీయ న్యాయ సేవల హెల్ప్‌లైన్ అది. ఆడవాళ్లకి, ఎస్సీ ఎస్టీలకి, ఆదాయం తక్కువ ఉన్నవాళ్లకి ఉచితంగా లాయర్‌ని ఇస్తారు. చనిపోయిన వాళ్ల కుటుంబానికీ ఈ నంబరే.

చివరగా బైకులున్న బ్యాచ్‌కి. 75 నుంచి 150 సీసీ బండికి థర్డ్ పార్టీ ప్రీమియం 2022 రేట్ల ప్రకారం ఏడాదికి 714 రూపాయలు, ట్యాక్స్ వేరే. లేకుండా దొరికితే మొదటిసారి 2,000 ఫైన్ లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ. ఇంట్లో ఇంటర్ చదివే తమ్ముడికి తాళం ఇస్తున్నారా? 18 లోపు వాడు నేరం చేస్తే పేరెంట్ లేదా బండి యజమానికి మూడేళ్ల దాకా జైలు, 25,000 జరిమానా, బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు, వాడికి 25 ఏళ్లు వచ్చే వరకు లైసెన్స్ రాదు. సెక్షన్ 199ఏ. ఇంటర్ పిల్లలు ఈ వీడియోని స్కిప్ చేస్తారు, వాళ్ల అక్కలు ఫార్వర్డ్ చేయండి.

ఇప్పుడు ఫోన్‌లో ఎంపరివాహన్ యాప్ తెరిచి మీ ఇంట్లో ఉన్న ప్రతి బండి నంబర్ కొట్టండి. ట్రాక్టర్‌ది కూడా. ఇన్సూరెన్స్ ఎప్పటి దాకా ఉందో అక్కడే కనిపిస్తుంది. తేదీ దాటిపోయి ఉంటే కామెంట్ పెట్టడం తర్వాత, ముందు రెన్యూ చేయండి. ట్రాలీలో కూలీలని తీసుకెళ్లే మేస్త్రీలు, ఆటో వాళ్లు ఎవరైనా ఉంటే మీ ప్రశ్నలు వాయిస్ మెసేజ్‌లో పంపండి. పని మనుషులకి ఇన్సూరెన్స్ ఎలా చేయించాలి, ఏ బండిలో ఎంతమందిని ఎక్కించొచ్చు అన్నదాని మీద వచ్చే ఎపిసోడ్ చేస్తున్నా. ఒక ఇన్సూరెన్స్ ఏజెంట్‌ని కూడా కూర్చోబెడుతున్నా, గట్టి ప్రశ్నలే పంపండి. ఉంటా మరి.